అమెరికాలో పర్సనల్ కంప్యూటర్ల పోటీ: నాణ్యత, ధర, కొత్తదనం

పర్సనల్ కంప్యూటరు అనగానే బల్ల మీది పెట్టె కళ్లముందు మెదులుతుంది. కొనేవాడి డబ్బు మాత్రం ఆ పెట్టెతో ఆగదు. లోపలి ప్రాసెసరు, దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద పనిచేసే ప్రోగ్రాములు, తగిలించుకునే ప్రింటర్ల వంటి పరికరాలు అన్నీ కలిసి ఒక కుటుంబం. దీన్నే ప్లాట్‌ఫామ్ అంటారు. ఒక కుటుంబానికి రాసిన ప్రోగ్రాము మామూలుగా మరో కుటుంబంలో నడవదు. ఫైళ్లు, అలవాట్లు, నేర్చుకున్న పనితనం అన్నీ ఒకవైపు పేరుకున్నాక రెండోవైపుకు మారడం కష్టం. అమెరికాలో యాభై ఏళ్లుగా సాగుతున్న ఈ పోటీకి అంత పట్టుదల అందుకే వచ్చింది.

1975 తరవాత అక్కడ పదుల సంఖ్యలో ప్లాట్‌ఫామ్‌లు పుట్టాయి. ఇవాళ దుకాణంలో ప్రధానంగా కనిపించేవి మూడే: విండోస్ పీసీలు, ఆపిల్ మ్యాక్‌లు, గూగుల్ క్రోమ్‌బుక్‌లు. లినక్స్‌ను ఎక్కువగా తెలిసినవాళ్లు తామే ఎక్కించుకుంటారు. వీటిని నాణ్యత, ధర, కొత్తదనం అనే మూడు కొలతలతో పోల్చడం రివాజు. ఆ మూడింటి వెనక నాలుగో ప్రశ్న ఒకటుంది, చరిత్ర చూస్తే అసలు ప్రశ్న అదే: ఆ యంత్రాన్ని తయారుచేసే హక్కు ఒక్క సంస్థ గుప్పిట్లో ఉందా, పదిమందికీ ఉందా?

1977 నాటి మూడు యంత్రాలు

పోటీకి ముందు కిట్ల కాలం నడిచింది. 1975 జనవరి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రంగా వచ్చిన ఆల్టెయిర్ 8800ను న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీలో ఎడ్ రాబర్ట్స్ సంస్థ మిట్స్ తయారుచేసింది. కిట్ ధర 397 డాలర్లు. విడిభాగాలు ఇంటికి వస్తే టంకం వేసి ఎవరికి వారే బిగించుకోవాలి. కీబోర్డు లేదు, తెర లేదు. ముందున్న మీటలు పైకీ కిందికీ నొక్కి అంకెలు ఎక్కించాలి. జ్ఞాపకం (ర్యామ్) 256 బైట్లు. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి, ఒక వేమన పద్యం కూడా అందులో పూర్తిగా పట్టదు. అయినా వేలమంది డబ్బు కట్టి ఎదురుచూశారు. మైక్రోసాఫ్ట్ సంస్థాపకులు బిల్ గేట్స్, పాల్ ఆలెన్ బేసిక్ భాషకు తమ తొలి కూర్పు రాసింది ఈ యంత్రానికే.

కొనుక్కుని ఇంటికి తెచ్చి ప్లగ్గు పెడితే పనిచేసే యంత్రాలు 1977లో వచ్చాయి. టెక్సస్‌లోని టాండీ సంస్థ తన రేడియో షాక్ దుకాణాల్లో టీఆర్‌ఎస్-80ని తెర, క్యాసెట్ రికార్డరుతో కలిపి 599.95 డాలర్లకు అమ్మింది. కమడోర్ పెట్ 8 కిలోబైట్ల జ్ఞాపకంతో 795 డాలర్లు. స్టీవ్ వాజ్నియాక్ రూపొందించిన ఆపిల్ 2 మాత్రం కేవలం 4 కిలోబైట్లతోనే 1,298 డాలర్లు, అదీ తెర లేకుండా.

ధర ఒక్కటే చూస్తే టీఆర్‌ఎస్-80దే పైచేయి. కానీ తొలి యంత్రాల కీబోర్డులో ఒక పెద్ద లోపం ఉండేది: ఒక్కసారి మీట నొక్కితే తెర మీద అదే అక్షరం రెండుసార్లు పడేది. బయటికి వెదజల్లే రేడియో తరంగాలు పక్కింటి టీవీ బొమ్మను కూడా చెడగొట్టేవి. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కొత్త నిబంధనలకు తట్టుకోలేక 1981 ఆరంభంతో ఆ మోడల్ ఆగిపోయింది. పెట్‌కు క్యాల్క్యులేటరు మీటల్లాంటి చిన్న కీబోర్డు. వేళ్లానించి టైపు చేయడం కుదరదు. ఆపిల్ 2లో రంగులున్నాయి, చక్కటి కీబోర్డు ఉంది, అన్నిటినీ మించి మూత తెరిస్తే లోపల ఎనిమిది స్లాట్లున్నాయి. ఎవరైనా కార్డు తయారుచేసి అందులో గుచ్చి కొత్త పని చేయించుకోవచ్చు. మూసిన ఇల్లుగా తరవాత పేరుపడ్డ ఆపిల్ తొలి విజయం ఈ తెరిచిన మూతతోనే వచ్చింది.

ఆపిల్ 2కూ, పెట్‌కూ గుండెకాయ ఒకటే, 6502 ప్రాసెసరు. మోటరోలా నుంచి బయటికొచ్చిన చక్ పెడల్ బృందం మాస్ టెక్నాలజీలో దీన్ని తయారుచేసి 1975లో 25 డాలర్లకు అమ్మింది. అప్పటికి పోటీ ప్రాసెసర్ల ధర వందల డాలర్లు. ఇంట్లో కంప్యూటరు ఉండడం సాధ్యమైంది ఆ 25 డాలర్ల చిప్పు వల్ల. చవక చేయడం కూడా కొత్తదనమే అనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

మరి రెట్టింపు ధర పెట్టి ఆపిల్ 2ను ఎందుకు కొన్నారు? 1978లో వాజ్నియాక్ అతి తక్కువ చిప్పులతో చేసిన ఫ్లాపీ డ్రైవ్ ఒక కారణం. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ రాసిన విసికాల్క్ అంతకన్న పెద్ద కారణం. చిట్టా, ఆవర్జా రాసిన గుమస్తాలకు దీని విలువ వెంటనే తెలుస్తుంది. ఒక అడ్డువరుసలో అంకె తప్పు పడితే దాని కింది మొత్తాలన్నీ కొట్టేసి మళ్లీ కూడాలి. విసికాల్క్‌లో ఆ ఒక్క అంకె మారిస్తే చాలు, కింది లెక్కలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. ఈ ప్రోగ్రాము మొదట ఆపిల్ 2 మీదే నడిచింది. దీనికోసమే ఆపిల్ కొన్న వ్యాపారులు ఎందరో. యంత్రాలను పోల్చేటప్పుడు పెట్టె ధర పక్కన దాని మీద దొరికే ప్రోగ్రామును కూడా తూకం వేయాలన్న సంగతి అప్పుడే తేలిపోయింది.

చవక యుద్ధం

1980ల తొలి నాళ్లలో ధరను ఆయుధంగా వాడినవాడు కమడోర్ అధిపతి జాక్ ట్రామియెల్. పోలెండ్‌లో పుట్టి, ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడి అమెరికా చేరినవాడు. టైప్‌రైటర్లు, తరవాత క్యాల్క్యులేటర్లు అమ్మేవాడు. ఒకప్పుడు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన చిప్పులతో తానే చవక క్యాల్క్యులేటర్లు చేసి అతన్ని దాదాపు దివాలా తీయించింది. ఆ దెబ్బతో అతను 1976లో మాస్ టెక్నాలజీనే కొనేశాడు. చిప్పుల కర్మాగారం సొంతమయ్యాక ఖర్చు తన చేతిలోకి వచ్చింది.

1982లో వచ్చిన కమడోర్ 64 ధర 595 డాలర్లు. మరుసటి ఏడాదికే 200 డాలర్ల దరిదాపులకు దించాడు. 64 కిలోబైట్ల జ్ఞాపకం, బాబ్ యానిస్ రూపొందించిన మూడు స్వరాల సంగీత చిప్పు, ఆటలకు అనువైన బొమ్మలు ఆ ధరకు ఇంకెక్కడా లేవు. పోటీకి దిగిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన యంత్రాన్ని 99 డాలర్లకు దించి, భారీ నష్టాలతో 1983 అక్టోబరులో ఇంటి కంప్యూటర్ల వ్యాపారమే మానేసింది. పాత అప్పు తీరినట్టయింది. నాణ్యత మాత్రం చవకకు తగ్గట్టే ఉండేది. కమడోర్ 64 పవర్ అడాప్టరు వేడెక్కి పాడైతే, పోతూపోతూ లోపలి చిప్పులను కూడా కాల్చేసేది. అయినా కోటికి పైగా అమ్ముడైన ఈ యంత్రం అమెరికాలో ఒక తరం పిల్లలకు ప్రోగ్రామింగ్ ఓనమాలు దిద్దించింది.

ఐబీఎం తెరిచిన తలుపు

1981 ఆగస్టు 12న న్యూయార్క్‌లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించింది. ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో డాన్ ఎస్ట్రిజ్ నాయకత్వంలోని చిన్న బృందం ఏడాదిలో దీన్ని తయారుచేసింది. ఐబీఎం పద్ధతిలో ప్రతి భాగాన్నీ సొంతంగా చేసుకోవాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని బజారులో దొరికేవే తెచ్చి కూర్చారు: ఇంటెల్ 8088 ప్రాసెసరు, బయటివాళ్ల ఫ్లాపీ డ్రైవ్‌లు, మైక్రోసాఫ్ట్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్. ప్రారంభ ధర 1,565 డాలర్లు. ఫ్లాపీ డ్రైవ్, తెర కలుపుకుంటే సుమారు మూడు వేలు.

సాంకేతికంగా ఇందులో గొప్ప కొత్తదనమేమీ లేదు. బొమ్మలు, ధ్వని విషయంలో తనకన్న చవకైన యంత్రాలకన్నా వెనకబడే ఉంది. గట్టి కీబోర్డు, దృఢమైన పెట్టె, ఐబీఎం అన్న పేరు దాని బలాలు. చరిత్రను మార్చినవి మరో రెండు నిర్ణయాలు. సర్క్యూట్ బొమ్మలతో సహా యంత్రం వివరాలన్నీ ఐబీఎం పుస్తకంగా అచ్చువేసి అమ్మింది. మైక్రోసాఫ్ట్ తన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇతరులకూ అమ్ముకునే హక్కు తన దగ్గరే ఉంచుకుంది.

ఇక ఐబీఎం చేతిలో మిగిలిన తాళం ఒక్కటే, బయోస్. యంత్రం స్విచ్ వేయగానే మొదట మేలుకునే చిన్న ప్రోగ్రాము ఇది. దీని మీద కాపీరైటు ఉంది. హ్యూస్టన్‌లో రాడ్ కానియన్, జిమ్ హారిస్, బిల్ ముర్టో అనే ముగ్గురు ఇంజినీర్లు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉద్యోగాలు వదిలి 1982లో కాంపాక్ సంస్థను పెట్టారు. తమ తొలి యంత్రం బొమ్మను ఒక ఫలహారశాలలో కంచం కింద పరిచే కాగితం మీద గీసుకున్నారు. బయోస్ చిక్కును వాళ్లు విప్పిన తీరు గమనించదగ్గది. ఒక జట్టు ఐబీఎం బయోస్‌ను పరిశీలించి, అది ఏం చేస్తుందో మాత్రమే కాగితం మీద పెట్టింది. ఆ ప్రోగ్రామును ఎన్నడూ చూడని రెండో జట్టు, ఆ వివరణను మాత్రమే ముందు పెట్టుకుని కొత్త ప్రోగ్రాము రాసింది. పని ఒకటే, రాత వేరు. కాపీరైటు చట్టం తప్పుపట్టడానికి ఏమీ లేదు.

సుమారు 13 కిలోల బరువున్న కాంపాక్ పోర్టబుల్ 1983లో అమ్మకానికి వచ్చి, తొలి ఏడాదిలోనే సంస్థకు 11.1 కోట్ల డాలర్ల వ్యాపారం తెచ్చింది. 1984లో ఫీనిక్స్ సంస్థ ఇదే పద్ధతిలో చేసిన బయోస్‌ను ఎవరికి కావాలంటే వారికి అమ్మడం మొదలుపెట్టింది. ఇక గేటు బార్లా తెరుచుకుంది. ఆ ఏడాదే ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం హాస్టల్ గది నుంచి మైకేల్ డెల్ వ్యాపారం మొదలుపెట్టాడు. మధ్యలో దుకాణం లేకుండా, కొనేవాడు అడిగిన భాగాలతోనే యంత్రం బిగించి నేరుగా ఇంటికి పంపడం అతని పద్ధతి. గిడ్డంగిలో సరుకు పేరుకోదు కాబట్టి ధర తగ్గింది. ఇంటెల్ 386 ప్రాసెసరుతో పీసీని 1986లో ఐబీఎంకన్నా ముందే కాంపాక్ తెచ్చింది. 1987లో ఐబీఎం పీఎస్/2 పేరుతో తలుపు మళ్లీ మూయబోయింది, కొత్త అనుసంధాన పద్ధతికి రుసుము కట్టమంది. తొమ్మిది సంస్థలు ఏకమై తమ సొంత ప్రమాణం ప్రకటించాయి. తాను కన్న బిడ్డ మీద ఐబీఎంకు అధికారం పోయింది. చివరికి 2005లో పీసీ వ్యాపారాన్ని చైనా సంస్థ లెనోవోకు అమ్మేసింది.

ఆ తెరిచిన గేటు గుండానే కంప్యూటరు తెలుగు ఊళ్లకు వచ్చింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో మదర్‌బోర్డు ఒక కొట్లో, ర్యామ్ ఇంకో కొట్లో, క్యాబినెట్ మరో కొట్లో బేరమాడి కొని బిగించుకున్న ‘అసెంబుల్డ్’ కంప్యూటరు ఈ చరిత్రలో పుట్టిందే. ఒక ఆపిల్ యంత్రాన్ని అలా బిగించుకోవడం మామూలుగా కుదరలేదు.

మ్యాక్, దాని వెనకటి మెట్లు

మౌస్‌తో బొమ్మల మీద నొక్కి పనిచేయించే పద్ధతి ఆపిల్‌లో పుట్టలేదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను బహిరంగంగా చూపించాడు. జిరాక్స్ పరిశోధనశాల 1973 నాటి ఆల్టో యంత్రంలో కిటికీలు, బొమ్మలు పెట్టింది. 1981లో జిరాక్స్ అమ్మకానికి తెచ్చిన స్టార్ ఒక్కొక్కటి 16,595 డాలర్లు. 1983లో ఆపిల్ లీసా 9,995 డాలర్లు. 1984 జనవరి 24న మ్యాకింటోష్ 2,495 డాలర్లు. మూడేళ్లలో అదే ఆలోచన దాదాపు ఏడోవంతు ధరకు దిగింది. ఆపిల్ చేసిన అసలైన ఇంజినీరింగ్ ఇదే: ఇతరులు కనిపెట్టినదాన్ని చిన్న పెట్టెలో, తక్కువ చిప్పులతో, కొనగలిగే ధరకు చేర్చడం.

అయినా ఆ ధర నేటి విలువలో ఏడు వేల డాలర్లకు పైనే. జ్ఞాపకం 128 కిలోబైట్లే. ఒకే ఫ్లాపీ డ్రైవ్ కావడంతో కాపీ చేయాలంటే ఫ్లాపీలు తీసి పెట్టి, తీసి పెట్టి విసుగెత్తేది. స్లాట్లు లేవు, మూత తెరవడానికి లేదు. ఆపిల్ 2ను గెలిపించిన గుణాన్నే మ్యాక్‌లో వదులుకున్నారు.

మ్యాక్‌ను నిలబెట్టింది అచ్చుపని. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటరు, అందులోని అడోబ్ పోస్ట్‌స్క్రిప్ట్ భాష, సియాటిల్‌లోని ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్ ప్రోగ్రాము కలిసి పత్రిక పేజీని బల్ల మీదే కూర్చే వీలు కల్పించాయి. ఆ పేజ్‌మేకర్ తరవాత విండోస్‌కు వచ్చింది. తెలుగునాట డీటీపీ సెంటర్లలో చవక పీసీల మీద పేజ్‌మేకర్, అను ఫాంట్లతో ఏళ్ల తరబడి పెళ్లి పత్రికల నుంచి కథల సంపుటాల దాకా కూర్చారు. మూసిన ఇంట్లో పుట్టిన కొత్తదనం తెరిచిన గేటు గుండా మన అచ్చుకు అందింది. రెండు ప్లాట్‌ఫామ్‌ల పోటీలో ఒకరే గెలిచి ఉంటే ఇది జరిగేది కాదు. ఎక్సెల్ కూడా మొదట 1985లో మ్యాక్‌కే వచ్చింది. మైక్రోసాఫ్ట్ దాన్ని విండోస్‌కు తెచ్చింది రెండేళ్ల తరవాత. ఫోటోషాప్ 1990లో మ్యాక్ మీద పుట్టి 1993లో విండోస్ చేరింది.

కొత్తదనం ఒక్కటే చాలదనడానికి ఆమిగా సాక్ష్యం. 1985లో కమడోర్ తెచ్చిన ఈ యంత్రం 1,295 డాలర్లకే 4,096 రంగులు, నాలుగు స్వరాల స్టీరియో, ఒకేసారి పలు ప్రోగ్రాములు నడిపే శక్తి ఇచ్చింది. విండోస్‌కు ఆ స్థాయి రావడానికి సుమారు పదేళ్లు పట్టింది. జే మైనర్ బృందం బొమ్మలకూ ధ్వనికీ వేరువేరు చిప్పులు కేటాయించింది. కేన్సస్ రాష్ట్రం టొపీకాలోని న్యూటెక్ సంస్థ 1990లో దీనికి వీడియో టోస్టర్ కార్డు జోడించడంతో చిన్న టీవీ స్టూడియోలు కూడా ఖరీదైన దృశ్య ప్రభావాలు చేయగలిగాయి. కానీ సొంత చిప్పులను ఏటా మెరుగుపరచడానికి పెట్టుబడి కావాలి, కమడోర్ పెట్టలేదు. అవతల పీసీలకు గ్రాఫిక్ కార్డులు, సౌండ్ కార్డులు చేసే సంస్థలు డజన్లకొద్దీ పోటీపడుతున్నాయి. 1994 ఏప్రిల్‌లో కమడోర్ మూతపడింది. చరిత్ర అన్యాయం చేసిన యంత్రం ఒకటి చెప్పమంటే ఈ వ్యాసకర్త ఆమిగా పేరే చెబుతాడు.

ఆపిల్ సంస్థాపకుల్లో ఒకడైన స్టీవ్ జాబ్స్ ఆ సంస్థ నుంచి వెళ్లి చేసిన నెక్స్ట్ కంప్యూటరు కథ మరో రకం. 1988లో 6,500 డాలర్లు, కొన్నవాళ్లు తక్కువ. కానీ వాళ్లు చేసిన పనులు చూడండి. టిమ్ బెర్నర్స్-లీ తొలి వెబ్ సర్వరునూ, బ్రౌజరునూ రాసింది దాని మీదే. టెక్సస్‌లోని ఐడీ సాఫ్ట్‌వేర్ పీసీ ఆట ‘డూమ్’ను తయారుచేసింది కూడా నెక్స్ట్ యంత్రాల మీదే. 1996 డిసెంబరులో ఆపిల్ ఈ సంస్థను కొనడంతో జాబ్స్ తిరిగొచ్చాడు. నేటి మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ పునాది నెక్స్ట్‌దే.

విండోస్ ఆధిపత్యం

1990 మేలో విండోస్ 3.0, 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చాయి. చవక పీసీ మీదే కిటికీలు, బొమ్మలు దొరుకుతున్నప్పుడు మ్యాక్‌కు అదనంగా డబ్బు ఎందుకన్న ప్రశ్నకు ఆపిల్ దగ్గర జవాబు కరువైంది. తెర రూపాన్ని కాపీ కొట్టారని మైక్రోసాఫ్ట్ మీద ఆపిల్ వేసిన దావా 1994 నాటికి కోర్టుల్లో వీగిపోయింది. 1995లో ఇతరులకు మ్యాక్ నకళ్లు చేసుకునే అనుమతి ఇస్తే, వాళ్లు కొత్త గిరాకీ తేవడానికి బదులు ఆపిల్ గిరాకీనే లాక్కున్నారు. 1997లో జాబ్స్ దాన్ని ఆపేశాడు. అదే ఏడాది ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఆపిల్‌లో 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది.

తెరిచిన గేటు కథలో ఇక్కడొక మెలిక ఉంది. పీసీ పెట్టెను ఎవరైనా చేయొచ్చు, కానీ దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కరిదే. 1998 మేలో అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్యం కేసులో, ఇంటెల్ తరహా పీసీల ఆపరేటింగ్ సిస్టమ్‌లలో విండోస్ వాటా తొంభై శాతం పైనేనని న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ తేల్చాడు. సంస్థను రెండుగా చీల్చాలన్న 2000 నాటి ఆయన ఉత్తర్వును పైకోర్టు మరుసటి ఏడాది కొట్టేసింది. పెట్టెల ధరలు పోటీతో పడిపోతుంటే, పోటీలేని ఆ ఒక్క భాగం ధర మాత్రం నిలబడింది. ధర తగ్గించేది పోటీయేనని చూపడానికి ఇంతకన్న రుజువు అక్కర్లేదు.

నాణ్యత: ఎవరి పాపం ఎవరిది

మ్యాక్ నాణ్యమైనది, పీసీ నాసిరకం అన్న మాట తరచు వినిపిస్తుంది. రికార్డు అంత తేలిగ్గా లేదు. 1980లో వ్యాపారుల కోసం ఆపిల్ తెచ్చిన ఆపిల్ 3 ధర 4,340 డాలర్ల నుంచి మొదలయ్యేది. చప్పుడు ఉండకూడదని ఫ్యాను పెట్టలేదు. వేడికి చిప్పులు సాకెట్లలోంచి వదులయ్యేవి. యంత్రాన్ని రెండుమూడు అంగుళాలు ఎత్తి బల్ల మీద వదిలేస్తే చిప్పులు మళ్లీ కూర్చుంటాయని సంస్థే సలహా ఇచ్చింది. తొలి విడత యంత్రాలను చివరికి ఉచితంగా మార్చి ఇచ్చారు. 2015 నుంచి మ్యాక్‌బుక్‌లలో వాడిన పలచటి ‘బటర్‌ఫ్లై’ కీబోర్డు దుమ్ము పడితే మొరాయించింది. ఆ కేసులో ఆపిల్ 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీపడింది.

పీసీ వైపు తప్పులు వేరే రకం. 1994లో వర్జీనియాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ పెంటియం ప్రాసెసరు భాగహారంలో తప్పు చేస్తోందని పట్టుకున్నాడు. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి, పెంటియం 1.33374 అని చెప్పేది. మొదట చిన్న విషయమని కొట్టిపారేసిన ఇంటెల్, చివరికి ఆ చిప్పులు మార్చి ఇవ్వడానికి 47.5 కోట్ల డాలర్ల భారం మోసింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర వేసుకుని ఆగిపోయాయి. విమానాలు నిలిచాయి, ఆసుపత్రుల్లో పనులు ఆగాయి. మ్యాక్‌లకు ఏమీ కాలేదు. బయటివాళ్ల ప్రోగ్రాములు సిస్టమ్ లోతుల్లోకి వెళ్లనివ్వడమే విండోస్ బలం, ఆ రోజు అదే దాని బలహీనత.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఆపిల్ యంత్రాలను కూల్చేసింది. జ, ఞ ఒత్తు, దీర్ఘం మధ్య కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు చేరితే, ఆ వరుసను తెర మీద గీయలేక ఐఫోన్‌లో, మ్యాక్‌లో యాప్‌లు మూతపడేవి. ఎవరైనా ఆ అక్షరం పంపితే చాలు, అందుకున్నవాళ్ల సందేశాల యాప్ తెరుచుకునేది కాదు. ఆపిల్ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసింది. విండోస్‌లో తెలుగు 2001లోనే, ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. మ్యాక్‌లో తెలుగు ఫాంట్లు 2011 నాటి లయన్ కూర్పుతో అమరాయి. ఎంత నాణ్యమైన సంస్థ అయినా, తన ఇంజినీర్లు రోజూ చదవని లిపి దగ్గర ఎలా తడబడుతుందో ఇది చెబుతుంది.

ధర లెక్కలు

2006లో మ్యాక్‌లు కూడా ఇంటెల్ ప్రాసెసరుకు మారడంతో, లోపలి చిప్పు ఒకటే అయినప్పుడు ధరలో తేడా ఎందుకని జనం సూటిగా అడగగలిగారు. 2009లో మైక్రోసాఫ్ట్ ప్రకటన ఒకటి దీన్నే పట్టుకుంది. లారెన్ అనే యువతికి వెయ్యి డాలర్లు ఇచ్చి 17 అంగుళాల ల్యాప్‌టాప్ కొనుక్కోమంటారు. ఆపిల్ దుకాణంలో వెయ్యిలోపు దొరికేది 13 అంగుళాలదే. 17 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో 2,799 డాలర్లు. ఆమె 699.99 డాలర్లకు హెచ్‌పీ కొనుక్కుని వెళుతుంది. ప్రకటన న్యాయంగా ఉంది, కానీ లెక్క సగమే. బరువు, బ్యాటరీ, ఎన్నేళ్లు మన్నుతుంది, తిరిగి అమ్మితే ఎంతొస్తుంది అన్నవి అందులో లేవు.

రెండో సగం లెక్క ఊహించని చోటు నుంచి వచ్చింది. పీసీకి పురుడు పోసిన ఐబీఎం 2015లో తన ఉద్యోగులకు పెద్ద ఎత్తున మ్యాక్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. నాలుగేళ్ల వాడకంలో ఒక్కో మ్యాక్‌కు పీసీతో పోలిస్తే 273 నుంచి 543 డాలర్ల దాకా మిగులుతోందని 2016లో ఆ సంస్థ అధికారులే ప్రకటించారు. సహాయం కోసం వచ్చే ఫోన్లు తగ్గడం ముఖ్య కారణం. ఇది ఒక పెద్ద సంస్థ లెక్క, ఇంటి లెక్క కాదు. జ్ఞాపకం, హార్డ్‌డిస్కు స్థానంలోని నిల్వ అంతా బోర్డుకే అతికించి ఉండే నేటి మ్యాక్‌బుక్‌లో కొన్ననాడే ఎక్కువ తీసుకోవాలి, దానికి ఆపిల్ ఏళ్ల తరబడి వేసిన ధర బజారు ధరకు ఎన్నో రెట్లు. పీసీల్లో ఇంకా చాలావాటిలో వెనకమూత విప్పి ర్యామ్ మార్చుకోవచ్చు. శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫ్రేమ్‌వర్క్ సంస్థ అయితే 2021 నుంచి దాదాపు ప్రతి భాగం ఇంట్లోనే మార్చుకునే ల్యాప్‌టాప్‌లు అమ్ముతోంది. న్యూయార్క్, కాలిఫోర్నియా రాష్ట్రాలు మరమ్మతు హక్కు చట్టాలు చేశాయి.

బడుల లెక్క వేరు. 2011లో వచ్చిన క్రోమ్‌బుక్‌లు ఖరీదు తక్కువ, నిర్వహణ తేలిక. 2010ల మధ్యకల్లా అమెరికా పాఠశాలలు కొనే పరికరాల్లో సగం దాటాయి. వీటి అప్‌డేట్‌లు కొన్నేళ్లకే ఆగిపోయి, బాగున్న యంత్రాలు మూలపడుతున్నాయని విమర్శలు రావడంతో 2023లో గూగుల్ ఆ గడువును పదేళ్లకు పెంచింది. మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ 11కు కొత్త భద్రతా చిప్పు తప్పనిసరి చేసి, విండోస్ 10కు మామూలు మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించింది. పనిచేస్తున్న యంత్రాన్ని తయారీదారుడి తేదీ చెత్తగా మార్చడం అన్యాయం. ధర లెక్కలో దీన్ని కూడా వేయాలి.

సొంత చిప్పుల దశ

2020 నవంబరులో ఆపిల్ ఇంటెల్‌ను వదిలి సొంత ఎం1 చిప్పుతో మ్యాక్‌లు తెచ్చింది. ప్రాసెసరు, బొమ్మలు గీసే భాగం రెండూ 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లున్న ఒకే చిప్పులో ఉన్నాయి. జ్ఞాపకం దాని పక్కనే కూర్చుంది. తక్కువ కరెంటుతో ఎక్కువ పని. ఆనాటి 999 డాలర్ల మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు, అయినా వేడికి ఆగలేదు. ఆపిల్ 3లో నలభై ఏళ్ల కిందట తలపెట్టి ఓడిపోయిన నిశ్శబ్దం ఈసారి వేగంతో కలిసి దొరికింది. చిప్పు నుంచి ప్రోగ్రాము దాకా ఒకే ఇంట్లో ఉంటే ఏమవుతుందో ఇది చూపింది. పీసీ వైపు క్వాల్‌కామ్ కొత్త తరం చిప్పులతో విండోస్ యంత్రాలు ఇదే దారిలో 2024లో వచ్చాయి. ఇంటెల్, ఏఎండీలు కూడా కరెంటు పొదుపు మీద దృష్టి పెట్టాయి. ఒకరు కదిలితే రెండోవారు కదలక తప్పదు.

ఈ పోటీలో తెలుగునేల నుంచి వెళ్లినవాళ్లు రెండువైపులా పనిచేశారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యాడు. వచ్చిన రెండు నెలల్లోపే ఆఫీస్ ప్రోగ్రాములను ఆపిల్ ఐప్యాడ్ మీద విడుదల చేయించాడు. ఆయన చదివిన హైదరాబాద్ పబ్లిక్ స్కూలులోనే చదివిన శంతను నారాయణ్ 2007 డిసెంబరులో అడోబ్ పగ్గాలు పట్టాడు. గ్రాఫిక్ చిప్పుల నిపుణుడు రాజా కోడూరి ఏఎండీ, ఆపిల్, ఇంటెల్ మూడింటిలోనూ పనిచేశాడు.

కొత్తగా కొనేవారికి ఈ చరిత్ర ఇచ్చే సలహా ఒక్కటే: ముందు మీ పనికి కావలసిన ప్రోగ్రాము ఏదో తేల్చుకోండి, తరవాత నాలుగైదేళ్ల ఖర్చు లెక్క వేయండి, పెట్టె మీది ధర చివర్లో చూడండి. ఆ ధర విషయానికొస్తే, 1977లో టీఆర్‌ఎస్-80 ఖరీదు 599.95 డాలర్లు, జ్ఞాపకం 4 కిలోబైట్లు. ఆ డబ్బు నేటి విలువలో మూడు వేల డాలర్లకు పైనే. 2024 చివర్లో వచ్చిన మ్యాక్ మినీ ప్రారంభ ధర, తెరా కీబోర్డూ లేకుండా, 599 డాలర్లు. జ్ఞాపకం 16 గిగాబైట్లు, అంటే సుమారు 42 లక్షల రెట్లు.